గోడ కింద గరిక

చాంద్‌బీ ఈల ఊదితే మా వీధి మొత్తం ఉలిక్కిపడి లేచేది. పంచాయతీ వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ ఈల అది. మెడలో ఆ ఈల, చీర మీద ఆకుపచ్చ కోటు, కింద మూడు చక్రాల రిక్షా. తెల్లారేసరికి నా ఇడ్లీ బండి ముందు తయారయ్యేది. తడిది తడిలో, పొడిది పొడిలో వెయ్యమని ఒక కేక పెట్టేది. పొద్దున్నుంచీ గిన్నెలు తోముకుని చచ్చే నేను, పచ్చడి అడుగున పాల కవరు దొరికిందని ఆమె చేత చీవాట్లు తినడం నా నుదుటి రాత. నాకే కాదు, సర్పంచి గారింటికీ అదే మర్యాద. గుడ్డు పెంకుల్లో పాత బ్యాటరీ కనిపించిందని వాళ్ళ బుట్టని వాళ్ళ గడపలోనే బోర్లించి వచ్చిన మనిషి ఆమె. అందరూ తిట్టుకునేవాళ్ళు. తిట్టుకుంటూనే వేరు చేసి ఇచ్చేవాళ్ళు.

మా ఊరు చిలకలూరిపేటకీ పర్చూరుకీ నడుమ ఉంది. చుట్టూ పత్తి, మిరప. పేరుకి నల్లరేగడే కానీ పచ్చగడ్డి చూడాలంటే వెతుక్కోవాలి. గట్ల మీద, డొంకల్లో, కాలవ పక్కన, ఎక్కడ పడితే అక్కడ గడ్డి మందు కొడతారు. వెనకటికి కలుపు తీతకి ఆడవాళ్ళం వరస కట్టి, పాటలు పాడుకుంటూ పోయేవాళ్ళం. ఇప్పుడు ఒక్కడు వీపున డబ్బా తగిలించుకుని ఒక పూట తిరిగితే సరి. కొట్టగా కొట్టగా గట్లన్నీ బోడి గుండ్లయ్యాయి. వాన పడితే ఆ మన్ను నిలవదు, కరిగి కాలవలోకి పోతుంది. అయినా మావాళ్ళ కంటికి అదే అందం. గడ్డిపోచ లేని చేను చూసి, ఎంత శుభ్రంగా ఉందో, అద్దంలా ఉందో అని మురిసిపోతారు. మా వైపు రైతు నోట శుభ్రం అన్న మాట వస్తే దానికి అర్థం అదే.

చాంద్‌బీది దూదేకుల కుటుంబం. అత్తగారింట్లో పరుపులు కుట్టేవాళ్ళు. ఆమె మొగుడు మాబు సాహెబ్ విల్లు మీటుతూ దూది ఏకుతుంటే, ఈమె దిండ్లకి కుట్లు వేసేది. నా పెళ్ళి పరుపు వాళ్ళు కుట్టిందే, ఇవాళ్టికీ నా నడుము దాని మీదే వాలుతుంది. స్పాంజి పరుపులు వచ్చాక ఆ విల్లు అటకెక్కింది. మాబు సాహెబ్ గుంటూరు మిర్చి యార్డుకి బస్తాలు మొయ్యడానికి పోయాడు. ఆ ఘాటు రొమ్ములోకి దిగి, దగ్గీ దగ్గీ అక్కడే పోయాడు. అక్కడే మట్టి చేశారు. మిగిలింది కొడుకు అఫ్రోజ్, కూతురు సమీరా.

సమీరా మాటల పుట్ట. గిన్నె పట్టుకుని నా బండి దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, ఇవాళ నీ అల్లం పచ్చడిలో అల్లం సెలవు పెట్టిందా?" అనేది. నేను గరిటె ఎత్తేదాన్ని. పకపకా నవ్వుతూ పరుగెత్తేది. అంత పిల్లకి, ఆరో తరగతిలో ఉండగా, విషజ్వరం వచ్చింది. పేట తీసుకెళ్ళారు, అక్కణ్ణుంచి గుంటూరు తీసుకెళ్ళారు. తిరిగి తెచ్చింది శవాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియదు.

ముస్లిముల శ్మశానాన్ని మా ఊళ్ళో గోరీలదొడ్డి అంటాం. వాళ్ళ ఆడవాళ్ళు దాని లోపలికి వెళ్ళకూడదు, అది కట్టుబాటు. మగవాళ్ళు సమీరాని భుజాల మీద మోసుకుపోతుంటే చాంద్‌బీ ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత కూడా కూతురు ఉన్న చోటికి పోలేదు. రోడ్డు మీద నుంచి గోడ చూసి రావడమే. ఆ గోడ మా ఆయన శివనాగరాజు కట్టాడు. ఆయన తాపీ మేస్త్రి. రేగడి నేల ఎండకి విచ్చుకుని గోడల్ని పడదోస్తుందని, మనిషి లోతు తవ్వించి, గ్రానైటు రాయి పేర్చి పునాది వేశాడు. ఊళ్ళో ఎన్ని గోడలు బీటలిచ్చినా అది మాత్రం చెక్కు చెదరలేదని ఇప్పటికీ నాలుగిళ్ళకి చెప్పుకుంటాడు.

గోడ గట్టిదే కానీ లోపల నేల పాడు. ఎప్పుడో ఊళ్ళో ఇళ్ళ స్థలాలు మెరక చేసుకోవడానికి ఎవరో ట్రాక్టర్లతో ఆ పైమట్టి తోలుకుపోయారు. అడుగున ఉన్న చౌడు తేలింది. ఆ చౌడులో బతికి బట్టకట్టిన నాలుగు పోచల మీద కూడా పండగ వచ్చినప్పుడల్లా గడ్డి మందే. సర్కారు తుమ్మ తప్ప ఇంకేదీ మొలిచేది కాదు. ఎండాకాలం నేల నెర్రెలు విచ్చేది, గోరీలు కూడా విచ్చేవి. పిల్ల పోయిన మరుసటి ఎండల్లో, గోతులు తవ్వే ముసలాయన హుస్సేన్ సాహెబ్ ఒకరోజు నోరు జారాడు. సమీరా మీద చెయ్యి దూరేంత నెర్రె విచ్చిందని, తానే నాలుగు బొచ్చెల మట్టి పోసి పూడ్చానని. మంచి చేశానని చెప్పుకున్నాడు పాపం. ఆ మాట విన్నాక చాంద్‌బీకి ముద్ద దిగలేదు.

వాళ్ళలో ఒక నమ్మకం ఉంది. గోరీ మీద పచ్చటి పోచ ఉన్నంతకాలం అది దేవుణ్ణి తలుచుకుంటూ ఉంటుందట. ఆ తలపు వల్ల లోపలున్న వాళ్ళకి బాధ తగ్గి చల్లగా ఉంటుందట. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెప్పాడట చాంద్‌బీకి. ఆ రోజు నా బండి వెనకాల కూర్చుని ఆ సంగతి చెప్పి, ఇంత మాట అంది:

"నా బిడ్డ జొరంతో కాలిపోతా పోయిందక్కా. ఇప్పుడు దాని మీద ఒక్క పచ్చ పోచ కూడా లేదంట."

టీ ఇచ్చాను. తాగలేదు.

ఆమె పనిచేసే చెత్త షెడ్డు ఊరవతల ఉంది. రేకుల కప్పు, కింద సిమెంటు తొట్లు. ఊరి తడి చెత్త అంతా ఆ తొట్లలో పడుతుంది. దాంట్లో పేడనీళ్ళు పోసి, వానపాముల్ని వదిలి, గోతాలు కప్పి మాగబెట్టాలి. మొదట్లో వానపామంటే ఆమెకి ఒళ్ళు జలదరించేది. తర్వాత్తర్వాత వాటి మీద ఎండ పడితే ఊరుకునేది కాదు. అంతా చేసి ఎరువు తీస్తే కొనేవాడు లేడు. యూరియా ముందు ఇదెంత అని రైతులు మూతి విరిచేవాళ్ళు. షెడ్డు మూల కుప్పగా పడి ఉండేది. ఆ కుప్ప చూస్తుంటే ఆమెకి గోరీలదొడ్డి గుర్తొచ్చింది. హుస్సేన్ సాహెబ్‌ని బతిమాలింది. నేను లోపలికి రాలేను బాబాయ్, గోడ దాకా తెచ్చిస్తాను, నువ్వు పిల్ల మీద చల్లు అంది. ఆయన సరేనన్నాడు.

అయితే కన్నతల్లి ఆత్రం. మాగీ మాగని ఎరువే మోసుకుపోయింది. అది మిరప కోతల కాలం. మా వైపు ఇంటింటా ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని కాయలకి తొడిమలు తీస్తారు. తొడిమలు, రాలిన గింజలు అన్నీ తడి చెత్తలోకే. తొలకరి పడిందో లేదో, సమీరా మీద గడ్డి బదులు మిరప మొక్కలు లేచాయి. పక్కన నాలుగు టమాటాలు, ఒక గుమ్మడి పాదు. చాంద్‌బీ గోరీల మీద మిరపతోట వేసిందని ఊరంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. మసీదు పెద్ద అన్వర్ సాహెబ్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఊరి ఎంగిలంతా తెచ్చి పెద్దల మీద పోస్తావా అని నలుగురిలో కేకలేశాడు. ఆమె తల వంచుకుని నిలబడింది. ఊరందర్నీ గడగడలాడించే మనిషి అలా నిలబడ్డం నేను అదే చూడ్డం.

హుస్సేన్ సాహెబ్ ఆ మొక్కలన్నీ పీకేశాడు. బాగా మాగనిచ్చి మళ్ళీ తెమ్మన్నాడు. ఆమె ఓపిక పట్టింది. ఎరువు నల్లగా, టీపొడిలా పొడిపొడిగా అయ్యేదాకా తొట్టి కదల్చలేదు. ముసలాయన దాన్ని గుప్పెడు తీసుకుని నేరుగా అన్వర్ సాహెబ్ ఇంటికి పోయాడు.

"వాసన చూడు అన్వరూ. ఎంగిలి కాదిది, మన్ను. నువ్వూ నేనూ రేపు అయ్యేదే."

అన్వర్ సాహెబ్ సరే అనలేదు, కాదనీ అనలేదు. మా ఊళ్ళో పెద్దమనిషి ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

ఇక గడ్డి కావాలి. గరిక అయితే ఒకసారి పట్టిందంటే వదలదు, నేలని అల్లుకుపోతుంది. రైతులు దాన్ని తిట్టినట్టు సవతిని కూడా తిట్టరు. మందులు కొట్టీ కొట్టీ దాన్ని కూడా కంటికి కనపడకుండా చేశారు. ఒక వినాయక చవితికి పూజలో పెట్టడానికి గరిక కోసం నేను ఊరంతా తిరిగి, చివరికి మా ఇంటి వెనక గిన్నెలు తోమే చోటే చూసుకున్నాను. ఆ తడికి బతికిపోయింది. చాంద్‌బీ వచ్చి అక్కడ వేళ్ళతో సహా తీసుకుంది. తీసుకుంటూ, మీ దేవుడికి పెట్టేది పట్టుకుపోతున్నాను, ఏమీ అనుకోవు కదా అని అడిగింది. మా వినాయకుడు ఉండ్రాళ్ళ మనిషి, గడ్డి తగ్గితే అలగడు, పట్టుకుపొమ్మన్నాను. చాలా కాలానికి నవ్వింది.

గరిక పట్టింది. ఒక వానాకాలం గడిచేసరికి సమీరా మీద పచ్చటి దుప్పటి కప్పినట్టయింది. హుస్సేన్ సాహెబ్‌కి హుషారొచ్చి, పండగలకి మందు కొట్టడం మాన్పించి, పక్క గోరీల మీద కూడా ఎరువు చల్లుకుంటూ పోయాడు. రెండో వానాకాలానికి ఎవరూ చల్లనివి, నాటనివి కూడా వచ్చాయి. ఊద, తుంగ, చీపురు గడ్డి, పేరు మర్చిపోయిన గడ్డి ఇంకేదో. విత్తనం ఇన్నేళ్ళూ ఆ చౌడు కింద ఎలా దాక్కుందో! చిన్నప్పుడు గేదెల్ని తోలుకుపోయిన బీళ్ళలో చూశాను వీటిని, మళ్ళీ ఇప్పుడు చూస్తున్నానని ముసలాయన ఒకటే సంబరం. గడ్డి గింజల కోసం పిచ్చుకలు దిగేవి. వాన పడితే నీళ్ళు నిలిచి ఇంకేవి. ఎండాకాలం వచ్చినా అక్కడ నెర్రె విచ్చలేదు.

చాంద్‌బీ రోజూ చెత్త తోలుకుపోతూ ఆ గోడ పక్కన రిక్షా ఆపేది. రిక్షా చట్రం మీద నిలబడి, మునివేళ్ళ మీద లేచి, లోపలికి చూసేది. గోడ వారగా, అన్నిటికంటే ఒత్తుగా గరిక ఉన్నది సమీరా చోటు. చూసి దిగి, ఈల ఊదుకుంటూ పోయేది. ఆ ఈలలో తేడా నాకు తెలిసేది. మళ్ళీ మా అందర్నీ తిట్టడం మొదలుపెట్టింది. నాకు సంతోషం వేసింది.

ఇంత జరిగినా కొడుకు అఫ్రోజ్‌కి ఏమీ తెలియదు. వాడు పేటలో పురుగుమందుల కొట్లో పనిచేస్తూ అక్కడే ఉంటాడు. చిన్నప్పటి నుంచీ పత్తి చేలల్లో మందు కొట్టే కూలికి వెళ్ళి ఇల్లు ఈడ్చినవాడు, మంచివాడు. అమ్మ చెత్త బండి తోలడం మాత్రం వాడికి నామోషీ. వచ్చినప్పుడల్లా ఆ ఈల పారేయమ్మా అని పోరేవాడు. అందుకే ఆమె ఎరువు సంగతి వాడి దగ్గర ఎత్తలేదు. "చెల్లెలి మీద కూడా చెత్తే పోశావా అంటాడక్కా" అంది నాతో. పండగలకి కూడా వాడు పేటలోనే నమాజు చేసుకునేవాడు. చెల్లెలి దగ్గరికి పోతే తట్టుకోలేనని వాడి భయం.

పోయిన వానాకాలంలో హుస్సేన్ సాహెబ్ కన్నుమూశాడు. ఆయన పెంచిన గడ్డిని పక్కకి ఒత్తిగించి ఆయన్ని పడుకోబెట్టారు.

ఆ తర్వాత షబే బరాత్ వచ్చింది. ఆ పండగకి మగవాళ్ళు తమ వాళ్ళ గోరీల దగ్గరికి వెళ్ళి, పూలు వేసి, దువా చేసి వస్తారు. గాలికి ఎగిరి వచ్చిన గుట్కా కవర్లు, చాక్లెట్ కాయితాలు గడ్డిలో చిక్కుకుని ఉండటం చాంద్‌బీ గోడ మీంచి చూసింది. ఏరడానికి ముసలాయన లేడు, తను లోపలికి పోకూడదు. కొడుక్కి ఫోన్ చేసింది. ఈసారైనా రా నాయనా, చెల్లెలి దగ్గర కాస్త శుభ్రం చేసి వద్దువు గాని అంది. ఆమె రోజూ ఇంటింటి ముందూ వాడే మాటే అది. ఆమె లెక్కలో శుభ్రం అంటే కవర్లు ఏరడం.

వాడు వచ్చాడు. పండగ ముందు రోజు పొద్దున గోరీలదొడ్డికి పోయి, మధ్యాహ్నానికి చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చాడు. శుభ్రం చేశానమ్మా, చెల్లి దగ్గరే కాదు, మొత్తం చేశాను అన్నాడు. వాడి చొక్కాకి ఎప్పుడూ ఆ కొట్టు వాసనే, ఆమెకి ఇంకే అనుమానమూ రాలేదు. నీళ్ళు తోడింది, హల్వా పెట్టింది. పండగ నాడు పోయినవాళ్ళందరికీ గడ్డి పచ్చగానే కనిపించింది. మసీదు మైకులో అన్వర్ సాహెబ్ అఫ్రోజ్ పేరు చెప్పి, సొంత ఖర్చుతో సేవ చేశాడని మెచ్చుకున్నాడు. మర్నాడు చాంద్‌బీ నా బండి దగ్గర నిలబడి, మా వాడు పెద్దోడయ్యాడక్కా, మైకులో పేరు చదివారు అని చెప్పుకుంది. ఆ పూట నా బుట్టలో ఏముందో కూడా చూడకుండా ఎత్తుకుపోయింది.

కొద్ది రోజులకి గడ్డి కొసలు పసుపు తిరిగాయి. మంచు పోయి ఎండలు ముదురుతున్నాయి కదా, దాహమేసి ఉంటుందనుకుంది. రిక్షాలో బిందె పెట్టుకుని వచ్చి, చట్రం మీద నిలబడి, గోడ మీంచి చెంబుతో నీళ్ళు విసిరేది. కొన్ని నీళ్ళు లోపల పడేవి, కొన్ని ఆమె మీదే పడేవి. ఎంత పోసినా ఆ పసుపు కిందికి దిగుతూనే ఉంది. ఒత్తుగా ఉన్న చోటే ముందు ఎండింది.

మా ఆయన లోపలికి వెళ్ళి చూసి వచ్చాడు. వేరు కూడా కుళ్ళిపోయింది, ఇది ఎండ కాదు, గడ్డి మందు అన్నాడు. ఆ మాట ఆమెకి చెప్పాల్సింది నేనే అయ్యాను. నమ్మలేదు. నా బండి పక్కన స్టూలు మీద కూర్చుని కొడుక్కి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది.

"నాయనా, ఆ రోజు చెల్లెలి దగ్గర ఏం చేశావు?"

"శుభ్రం చేశాగా అమ్మా. హుస్సేన్ తాత పోయినాక ఎవరూ పట్టించుకోలేదనుకుంటా, మోకాటి దాకా కలుపు. చెల్లి గోరీ ఏదో కూడా ఆనవాలు దొరకలా. చూసి ఏడుపొచ్చేసింది. మా కొట్లో మంచి మందు తెచ్చి మొత్తం కొట్టా. ఇప్పట్లో పోచ మొలవదు. ఏం, ఇంకా ఎండలేదా?"

వాడికి గడ్డి పెడదామని నేను ఫోన్ మీదికి చెయ్యి చాపాను. చాంద్‌బీ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నాకు గుర్తుంది.

"ఎండింది నాయనా. బాగా చేశావు. చెల్లెలు చూసే ఉంటుంది" అంది.

అటు నుంచి వాడు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఇన్నాళ్ళూ రాలేకపోయానమ్మా, ఇకనుంచి ఏటా నేనే వచ్చి చేస్తాను అన్నాడు. అలాగే నాయనా అని ఫోన్ పెట్టేసింది.

నేను మండిపడ్డాను. బాగా చేశాడని ఎలా అన్నావే, నోరెలా వచ్చింది అని అరిచాను. ఇడ్లీలకి వచ్చినవాళ్ళు తిరిగి చూశారు. ఆమె ఏడవలేదు. ఫోన్‌ని కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"శుభ్రం చెయ్యమన్నది నేనే కదక్కా. వాడికి ఆ మాటకి ఇంకో అర్థం ఎవరు చెప్పారు? చెల్లెలి మీద ప్రేమతో కొట్టాడు. చంపానని తెలిస్తే బతకడు."

మా ఆయన చేత మళ్ళీ ఎరువు పోయించి గరిక నాటిస్తానన్నాను. వద్దంది. లోపల మళ్ళీ నాటితే మొదటిది ఏమైందని నలుగురూ అడుగుతారు, మైకులో చదివిన పేరే మళ్ళీ బయటికొస్తుంది అంది. ఆ పచ్చదనాన్ని ఊరంతా చూసింది. అయినా ఎందుకు ఎండిందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేల శుభ్రంగా ఉంది కదా, ఎందుకడుగుతారు?

ఎండల్లో చౌడు మళ్ళీ తేలింది. నెర్రెలు మళ్ళీ విచ్చి ఉంటాయి. ఆమె రిక్షా చట్రం ఎక్కడం మానేసింది. ఈల ఊదుతుంది కానీ ఎవర్నీ తిట్టడం లేదు. తడిలో పొడి కలిపి ఇచ్చినా తలొంచుకుని వేరు చేసుకుంటోంది. నేను కావాలని పచ్చడి గిన్నెలో పాల కవరు వేసి ఇచ్చాను, తిడుతుందేమోనని. తీసి పక్కన పెట్టుకుని వెళ్ళిపోయింది.

తొలకరి పడ్డాక ఒకరోజు మా ఇంటి వెనక్కి వచ్చి, గరిక కావాలని అడిగింది. తవ్వి ఇచ్చాను. వెనకే వెళ్ళాను. గోరీలదొడ్డి గోడకి బయట, రోడ్డు వారన, సరిగ్గా అవతల సమీరా ఉన్న చోటికి ఎదురుగా, మూరెడు వెడల్పున మట్టి గుల్ల చేసి ఉంచింది. అందులో బాగా మాగిన ఎరువు పోసింది. గరిక వేళ్ళు గోడని ఆనించి నాటింది. బయట ఆడవాళ్ళు కూర్చోకూడదన్న కట్టుబాటు లేదు కదా, తీరిగ్గా కూర్చుని చెంబుతో నీళ్ళు పోసింది.

"గరిక కదక్కా, పాకుతుంది. పైన గోడుంటే కింద నుంచి దారి చూసుకుంటుంది" అంది.

నాతో వచ్చిన మా ఆయన ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. పునాది లోతు ఆయనకి తెలుసు. రాయికీ రాయికీ నడుమ సూది దూరే సందు కూడా ఉంచలేదని ఆయన ఎన్నిసార్లు చెప్పుకున్నాడో నాకు తెలుసు. ఆయన నోరు తెరవబోయాడు. నేను ఆయన వైపు చూశాను. తల తిప్పుకున్నాడు.

"అవునే, పాకుతుంది" అన్నాను.